పద్యం పాడిన గొంతుకు ఒక చిరునామా కావాలి

అమీర్‌పేట అనగానే నేటి విద్యార్థికి కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు, వాటి చుట్టూ వెలసిన హాస్టళ్ళు, మైత్రీవనం కూడలి గుర్తుకు వస్తాయి. పంజాగుట్ట అనగానే జిల్లాల నుండి వచ్చే రోగులకు, వారి బంధువులకు నిమ్స్ ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. ఈ ప్రాంతానికి మరొక చరిత్ర కూడా ఉంది. తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే కాపురమున్న రోజులలో, 1950ల చివర, అమీర్‌పేటలో సారథి స్టూడియో వెలసింది. 1959లో వచ్చిన 'మా ఇంటి మహాలక్ష్మి' హైదరాబాదులో తయారైన తొలి తెలుగు చిత్రంగా పేరు పొందింది. ఆ తరువాత వేషం కోసం ఈ నగరానికి దారి పట్టిన వారిలో పల్లెలలో తెల్లవార్లూ పద్యాలు పాడిన నాటక కళాకారులు ఎందరో ఉన్నారు. కొద్దిమందికి వేషాలు దొరికాయి. మిగిలినవారు వచ్చిన దారినే వెనుదిరిగారు, లేదా నగరంలోనే ఏదో ఒక చిన్న పనిలో కలిసిపోయారు.

ఈ నెల సంపాదకీయాన్ని ఆ మిగిలినవారికి కేటాయించాము. పద్య నాటకం, బుర్రకథ వంటి సంగీత ప్రధానమైన కళలతో జీవించి, ఇప్పుడు వృద్ధాప్యంలో ఉన్న ముస్లిం కళాకారుల గురించి ప్రత్యేకంగా మాట్లాడదలచాము. ముస్లిం హక్కుల పత్రికకు నాటకాలతో ఏమి పని అని కొందరు పాఠకులు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట చరిత్ర చూద్దాం. తెలుగు నాటకంలో పాట, పద్యం, హార్మోనియం ఎక్కడి నుండి వచ్చాయి? 19వ శతాబ్ది మధ్యకాలంలో లక్నోలో ఆగా హసన్ అమానత్ 'ఇందర్ సభ' అనే సంగీత రూపకాన్ని ఉర్దూలో వ్రాశారు. దేవలోకం కథకు ఉర్దూ గజళ్ళు, ఠుమ్రీలు తోడైన ఆ నాటకాన్ని పార్సీ కంపెనీలు దేశమంతటా ఆడాయి. పార్సీల పెట్టుబడి, ముస్లిం రచయితల కలం, అన్ని మతాల నటుల గొంతు కలిసి ఆ రంగస్థలాన్ని నిలబెట్టాయి. 1880లలో ధార్వాడ నాటక సమాజాలు ఆంధ్ర ప్రాంతంలో పర్యటించాయి. ఆ ప్రభావంతో మచిలీపట్నంలో నాదెళ్ళ పురుషోత్తమ కవి తెలుగు ప్రేక్షకుల కోసం హిందుస్తానీ భాషలోనే నాటకాలు వ్రాశారు. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు తెలుగు నాటకంలో పాటలు ప్రవేశపెట్టారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచక వధ' ఆడించి సురభి నాటక సమాజానికి అంకురార్పణ చేశారు. ఆ విధంగా ఒక పక్క ఉత్తరాది రాగాలు, మరొక పక్క తెలుగు వృత్తాలు కలిసి మన పద్య నాటకం తయారైంది. అది ఏ ఒక్కరి ఆస్తీ కాదు.

రచయితలలోనూ మనవారు ఉన్నారు. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా కవి తెలుగులో కావ్యాలతో పాటు 'చంద్రగుప్త' వంటి నాటకాలు వ్రాశారు. ఆయనే 1935 నుండి 1945లో కన్నుమూసేవరకు కేంద్ర శాసనసభ సభ్యులుగా ఉన్నారు. తెలుగు నాటక రచయిత అయిన ముస్లిం దేశ చట్టసభలో కూర్చున్న కాలం అది. మన పిల్లలలో ఎందరికి ఆయన పేరు తెలుసు?

ఇక నటుల సంగతి. షేక్ నాజర్ గారి జీవితాన్ని ఉదాహరణగా తీసుకుందాం. 1920లో గుంటూరు జిల్లా పొన్నెకల్లులో ఒక నిరుపేద దూదేకుల కుటుంబంలో పుట్టారు. బాల్యంలోనే నాటక సమాజాలలో చేరి, గొంతు బాగుండడం వల్ల స్త్రీ పాత్రలు సైతం ధరించారు. సంగీతం నేర్చుకున్నారు. తరువాత ప్రజానాట్య మండలిలో చేరి బుర్రకథను కొత్త ఎత్తుకు తీసుకువెళ్ళారు. మధ్యలో తంబురా పట్టిన కథకుడు, ఇరుపక్కలా గుమ్మెటలు వాయించే హాస్యం, రాజకీయం వంతలు ఉండే ఆ రూపంలో 'పల్నాటి వీరచరిత్ర', 'బొబ్బిలి యుద్ధం' చెప్పినా, బెంగాలు కరువు గురించి చెప్పినా వేల మంది కదలకుండా కూర్చుని విన్నారు. బుర్రకథ అంటే నాజర్, నాజర్ అంటే బుర్రకథ అని జనం అనుకున్నారు. 1986లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1997లో ఆయన కన్నుమూశారు.

ఆయన చెప్పగా అంగడాల వెంకట రమణమూర్తి గారు అక్షరబద్ధం చేసిన జీవిత చరిత్రకు 'పింజారి' అని పేరు. తెలుగునాట ఆ మాట తిట్టుగా వాడడం మనకందరికీ తెలుసు. దూది ఏకే వృత్తివారిని కించపరిచే ఆ మాటనే పద్మశ్రీ పొందిన కళాకారుడు తన పుస్తకం నుదుటన వ్రాసుకున్నారు. వేదిక మీద చప్పట్లు కొట్టిన లోకమే వేదిక దిగిన తరువాత తనను ఏమని పిలిచిందో ఆ ఒక్క పేరు చెబుతుంది.

నాజర్ గారికి పేరైనా దక్కింది. పేరు రాని వందలాది మంది బ్రతుకు ఎలా గడిచిందో ఆలోచించండి. పద్య నాటక రంగంలో చాలా కాలంగా నడుస్తున్నది కాంట్రాక్టు పద్ధతి. తిరునాళ్ళకో, జాతరకో ఊరివారు కాంట్రాక్టరుకు బయానా ఇస్తారు. ఆయన ఒక ఊరి నుండి హరిశ్చంద్రుణ్ణి, మరొక ఊరి నుండి చంద్రమతిని, ఇంకొక చోట నుండి హార్మోనిస్టును పిలిపిస్తాడు. డ్రస్ కంపెనీ కిరీటాలు, భుజకీర్తులు తెస్తుంది. రిహార్సల్ ఉండదు. అందరికీ పద్యాలన్నీ నోటికి వచ్చు గనుక అవసరమూ ఉండదు. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు వేషం పంచుకుంటారు. రాత్రి పది దాటాక తెర లేస్తే కాటి సీను ముగిసేసరికి తూర్పు తెల్లబడుతుంది. వన్స్‌మోర్ అన్న ప్రతిసారీ అదే పద్యం, అదే శ్రుతి. పేరున్న నటుడికి పెద్ద మొత్తం, చిన్న వేషానికి చిల్లర. తెల్లవారగానే ఎవరి బస్సు వారిది.

ఈ ఉపాధికి నియామక పత్రం లేదు, జీతపు చీటీ లేదు, భవిష్య నిధి లేదు. వర్షాకాలంలో నాటకాలు ఉండవు, ఎన్నికలొస్తే అనుమతులు ఉండవు. కోవిడ్ కాలంలో జాతరలే ఆగిపోయినప్పుడు వీరి పొయ్యి ఎలా వెలిగిందో అడిగినవారు లేరు. గొంతు ఉన్నంతవరకే బ్రతుకు. అరవై ఏళ్ళు దాటి గొంతు జారితే ముప్పై ఏళ్ళ అనుభవానికి విలువ లేదు. టీవీ వచ్చి, సినిమా పాటల ఆర్కెస్ట్రాలు వచ్చి, ఉన్న అవకాశాలను కూడా తగ్గించివేశాయి.

ఇది అన్ని మతాల నటులకూ ఉన్న కష్టమే. అయితే ముస్లిం కళాకారుడికి ఇంకా రెండు బరువులు ఉన్నాయి.

మొదటిది పేరు. రాముడి పాత్ర వేసే మనిషి పేరు మస్తాన్ అని తెలిస్తే జనం ఏమనుకుంటారో అన్న సంకోచం కరపత్రం అచ్చువేసే వారికి ఉంటుంది. హిందీ సినిమాలో యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయ్యారు, మహజబీన్ బానో మీనా కుమారి అయ్యారు. అంతటివారికే పేరు మార్చుకోవలసి వచ్చినప్పుడు ఊరి నాటకంలో చిన్న వేషం వేసే మనిషి సంగతి చెప్పాలా? పేరు మార్చుకుంటే వేషం దొరుకుతుంది. నలభై ఏళ్ళ తరువాత పింఛనుకు దరఖాస్తు పెట్టినప్పుడు కరపత్రంలోని పేరు ఒకటి, ఆధార్ కార్డులోని పేరు ఒకటి. గుమాస్తా కొలువులో జీవితం గడిపిన మాకు ఆ దరఖాస్తు గతి ఏమవుతుందో వేరే ఎవరూ చెప్పనక్కర లేదు. ఒక్క అక్షరం తేడా ఉన్నా ఫైలు వెనక్కి వస్తుంది. మొత్తం పేరే వేరైతే ఆ ఫైలు కదలనే కదలదు.

రెండవ బరువు మన ఇంటిదే. పౌరాణిక నాటకంలో వేషం వేసిన మనిషిని మన మొహల్లాలోనే తక్కువగా చూసినవారు ఉన్నారు. పిల్లకు సంబంధం చూసేటప్పుడు తండ్రి హార్మోనిస్టు అన్న మాట దాచినవారు ఉన్నారు. నటి అయితే ఆ మాటలకు అంతు లేదు. సంగీతం గురించి, వేషధారణ గురించి మన ధార్మిక పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. ఆ చర్చను తేల్చడం మా పని కాదు, మాకు ఆ అర్హతా లేదు. మేము అనేది ఇంతే: ఆకలితో ఉన్న వృద్ధుణ్ణి నీవు వయసులో ఏ పని చేశావని అడిగే హక్కు మనకు లేదు. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో మొదట చెప్పబడినవారు నిరుపేదలు, అగత్యపరులు. వారి వృత్తి ఏమిటో అక్కడ అడగలేదు. మనం అడగడం ఎందుకు?

ఇక ప్రభుత్వం వైపు చూద్దాం. ఒక విచిత్రమైన సంగతి పాఠకుల దృష్టికి తేవలసి ఉంది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో చేసిన చట్టం సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. 2010లో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. ఆ జాబితాను ఒకసారి తీసి చదవండి. గారడీ సాయిబులు, పాములవాళ్ళు, ఎలుగుబంటువాళ్ళు, ముసల్మాన్ కీలుగుర్రాలవాళ్ళు, ఫకీరు బుడ్‌బుడ్కీలు కనబడతారు. ఊరేగింపులో కీలుగుర్రం కట్టి ఆడినవారు, డోలు మోగించి పాడినవారు, వీధిలో ప్రదర్శన ఇచ్చి పొట్ట పోసుకున్నవారు వీరంతా. నాజర్ గారి సామాజిక వర్గమైన దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషాలు బీసీ-బీలో ఉన్నారు.

అంటే మనలో ప్రదర్శన కళతో జీవించేవారు ఉన్నారని ప్రభుత్వ దస్తావేజులే ఒప్పుకున్నాయి. వెనుకబాటుతనానికి గుర్తుగా వారి పేర్లు వ్రాసుకున్నాయి. అదే మనిషి కళాకారుల పింఛను కోసం వెళితే నీవు కళాకారుడివని రుజువేమిటని అడుగుతాయి. వృత్తి కులంగా నమోదైంది, కళగా నమోదు కాలేదు. ఈ రెండు జాబితాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలని మా డిమాండ్. ఈ వర్గాల నుండి వచ్చే వృద్ధ ప్రదర్శకుల దరఖాస్తులలో కులధ్రువీకరణను, స్థానిక విచారణను కలిపి రుజువుగా స్వీకరించే ఉత్తర్వు రావాలి.

పథకాలు లేవని మేము అనడం లేదు. తెలంగాణ ప్రభుత్వం పేద వృద్ధ కళాకారుల నెలసరి పింఛనును 2021లో 1,500 రూపాయల నుండి 3,016 రూపాయలకు పెంచింది. కేంద్ర సాంస్కృతిక శాఖకు వయోవృద్ధ కళాకారుల ఆర్థిక సహాయ పథకం ఉంది. 60 ఏళ్ళు నిండి, వార్షికాదాయం 72,000 రూపాయలు మించనివారికి అందులో నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయల వరకు సహాయం లభిస్తుంది. ఇంకా వయసు ఉన్నవారు, అంటే 16 నుండి 59 ఏళ్ళ మధ్యవారు, అసంఘటిత కార్మికులుగా ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. తలుపులు ఉన్నాయి. ఆ తలుపుల దాకా వెళ్ళే దారిలో మనవారిని చేయి పట్టుకుని నడిపించే మనిషి లేడు.

ఇక్కడ సురభి వారి నుండి మనం నేర్చుకోవలసింది ఉంది. వారు కుటుంబాలకు కుటుంబాలే సమాజంగా ఏర్పడి, తరాల తరబడి కలిసి జీవించారు. ఊరూరా డేరాలు వేసుకుని తిరిగినవారికి శేరిలింగంపల్లిలో సురభి కాలనీ అనే చిరునామా ఏర్పడింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో వారి నాటకాలు ఆడిన రోజులున్నాయి. సురభి నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. వారికీ కష్టాలు తక్కువేమీ కావు. కానీ ప్రభుత్వం ఏదైనా ఇవ్వదలచినప్పుడు ఎవరికి, ఎక్కడ ఇవ్వాలో తెలుస్తుంది. కేంద్రం ఇచ్చే రెపర్టరీ గ్రాంటు వంటివి విడి వ్యక్తికి కాక నమోదైన సంస్థకే వస్తాయి. మన కళాకారుడు ఒంటరి. ఒకరు గుంటూరులో, ఒకరు ఖమ్మంలో, ఒకరు కొడుకు ఇంట్లో ఏ బస్తీలోనో ఉంటారు. గ్రాంటు ఎవరి పేరున వస్తుంది?

ఇతర దేశాల అనుభవమూ ఇదే చెబుతుంది. అమెరికాలో సంగీత నాటకాల నటులు ఒకప్పుడు రోజుల తరబడి జీతం లేకుండా రిహార్సళ్ళు చేసేవారు. దుస్తులు సైతం తామే కొనుక్కునేవారు. 1913లో వారు యాక్టర్స్ ఈక్విటీ అనే సంఘం పెట్టుకున్నారు. 1919లో న్యూయార్కులో సమ్మె చేసి నాటకశాలల తలుపులు మూయించాక యజమానులు వారి ఒప్పందానికి తలవంచారు. ఇంగ్లండులో 1926 నుండి వృద్ధ నటుల కోసం డెన్విల్ హాల్ అనే గృహం నడుస్తోంది. మన దగ్గర వృద్ధ నటుడికి దక్కేది ఉగాదికో, రాష్ట్రావతరణ దినానికో ఒక శాలువా, ఒక జ్ఞాపిక. శాలువా కప్పినవారిని మేము తప్పు పట్టడం లేదు. ఆ శాలువా చూపిస్తే మందుల దుకాణంలో మందులు ఇవ్వరని మాత్రం గుర్తు చేస్తున్నాము.

కనుక పని ఎక్కడ మొదలుపెట్టాలి? మా ప్రతిపాదన చాలా చిన్నది. ఆచరించడానికి డబ్బు కూడా పెద్దగా అక్కరలేదు.

అమీర్‌పేట, పంజాగుట్ట, వాటి చుట్టుపక్కల బస్తీలలోని మస్జిదు కమిటీలు, యువజన బృందాలు కలిసి ఒక రిజిస్టరు తెరవాలి. జుమా నమాజు తరువాత పది నిమిషాలు ప్రకటన చేస్తే చాలు. నాటకం, బుర్రకథ, ఖవ్వాలీ, వాద్యం, కీలుగుర్రం, గారడీ, ఏ ప్రదర్శన కళతో బ్రతికినవారైనా పేరు వ్రాయించుకోవాలి. ఆధార్‌లోని పేరు, వేదిక మీది పేరు, పుట్టిన సంవత్సరం, ఏ కళ, ఎన్నేళ్ళు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇప్పుడు ఎవరి పోషణలో ఉన్నారు అన్న ఏడు గడులు ఉంటే చాలును. రెండు పేర్లు ఉన్నవారికి ఆ ఇద్దరూ ఒకరేనని నోటరీ ముందు ప్రమాణపత్రం వ్రాయించి పెట్టాలి. ట్రంకుపెట్టెలో మిగిలిన పాత కరపత్రాలు, వాల్‌పోస్టర్లు, ఫొటోలు, సన్మాన పత్రాలు పారవేయకుండా నకళ్ళు తీయించాలి. వాటిని మనుమలు చెత్త అనుకుంటారు. దరఖాస్తుకు అవే ప్రాణం.

కంప్యూటర్ విద్య కోసం అమీర్‌పేట వచ్చి చదువుకుంటున్న మన యువకులు వందల సంఖ్యలో ఉన్నారు. వారానికి ఒక్క గంట ఇవ్వండి నాయనా, అని వారిని కోరుతున్నాము. ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం మీకు చిటికెలో పని, ఆ పెద్దాయనకు కొండ. సెల్‌ఫోనులో ఆయన పద్యం ఒకటి రికార్డు చేసి పెట్టండి. అది రుజువూ అవుతుంది, రేపు ఆ కళకు మిగిలే జ్ఞాపకమూ అవుతుంది. చికిత్స కోసం నిమ్స్‌కు వచ్చే వృద్ధ కళాకారుల వెంట ఆరోగ్యశ్రీ కాగితాలు పట్టుకుని నడిచే ఇద్దరు వాలంటీర్లు ఉంటే ఆ కుటుంబాలకు కొండంత అండ.

ఇంటి ఆడవారికి ఒక మాట. మీ అత్తగారో, నానమ్మగారో ఒకప్పుడు వేదిక మీద పాడారని తెలిస్తే దానిని దాచవద్దు. కాలీషాబీ గారు భర్త మహబూబ్ సుభానీ గారితో కలిసి నాదస్వరం వాయించి 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందారు. ఆమె వాద్యం వల్ల ఆ ఇంటి గౌరవం పెరిగిందే గాని తగ్గలేదు.

ప్రభుత్వాన్ని కోరేవి మూడు. బీసీ-ఈ, బీసీ-బీ జాబితాలలోని ప్రదర్శక వర్గాలకు ప్రత్యేక నమోదు శిబిరాలు నిర్వహించాలి. పింఛను మంజూరు సంఘాలలో ముస్లిం జానపద, నాటక రంగాల నుండి ఒక ప్రతినిధిని తీసుకోవాలి. పేరు తేడా ఉన్న దరఖాస్తులను తిరస్కరించకుండా విచారణకు పంపాలి. ఇవి దానం కింద అడుగుతున్నవి కావు. రాత్రంతా నిద్ర మేల్కొని ఊళ్ళకు ఊళ్ళను కూర్చోబెట్టినవారు అడుగుతున్న బకాయి ఇది.

సముదాయాన్ని కోరేది ఒక్కటే. నాజర్ గారి పేరును సభలలో గర్వంగా చెప్పుకుంటాము. మన వీధి చివర ఇంట్లో మంచం పట్టిన హార్మోనిస్టు పేరు కూడా మనకు తెలిసి ఉండాలి. ఈ రంజాన్‌కు ముందే ఆ రిజిస్టరులో మొదటి పది పేర్లు పడితే, ఇన్షా అల్లాహ్, మిగిలిన పని నడుస్తుంది. వివరాలు పంపినవారి దరఖాస్తులు నింపడంలో, ఫైలు ఎక్కడ ఉందో కనుక్కోవడంలో మా పత్రిక తరఫున చేయగలిగినంత సహాయం చేస్తామని మాట ఇస్తున్నాము.